ఏడు పొట్టేళ్ళ గుట్ట

సోమవారం పొద్దున చెన్నయ్య దొడ్డిలో పద్నాలుగు పొట్టేళ్ళున్నాయి. భుజం మీద బేరమప్పుడు చేతుల మీద కప్పే ఎర్రగళ్ళ తువ్వాల ఉంది. ఊళ్ళో మందలున్న అరవై మూడు ఇళ్ళలో 'చెన్నయ్య చెప్పిన ధర తప్పదు' అన్న మాట ఉంది. పొట్టేళ్ళు పోయిన వారం కొన్నవి. తువ్వాల పాతది. మాట సంపాదించడానికి మాత్రం ముప్పై ఏళ్ళు పట్టింది.

అతను ఒక పొట్టేలు మెడను మోకాళ్ళ మధ్య ఇరికించి, బొటనవేలితో కింది పెదవి లాగి పళ్ళు చూస్తుండగా స్కూటీ వచ్చి దొడ్డి ముందు ఆగింది. పాతికేళ్ళ అమ్మాయి దిగింది. భుజానికి సంచి, చేతిలో ట్యాబ్.

"చెన్నయ్య అంటే మీరేనా? నా పేరు ప్రవళిక. నల్లగొండ మాది. హైదరాబాద్‌లో పరిశోధన సంస్థ తరఫున సర్వేకు వచ్చిన."

"ఏం సర్వే బిడ్డా? గొర్రెల లెక్కయితే పోయిన నెలనే రాసుకపోయిన్రు."

"గొర్రెలది కాదు, దొంతులగుట్టది."

చెన్నయ్య పొట్టేలును వదిలేశాడు. మర్రిగూడ అవతలున్న ఆ ఊరికి దొంతులగుట్ట అంటే మూడు వందల ఎకరాల రాయి, గడ్డి, రేగుచెట్లు. అక్కడ సోలార్ పలకలు పరుస్తారని ఉగాది నుంచి అనుకుంటున్నారు. ప్రవళిక అరుగు మీద కూర్చుని వివరంగా చెప్పింది. కంపెనీకి అప్పిచ్చేది విదేశీ బ్యాంకు. గుట్ట పోతే ఊరికి కలిగే నష్టమెంతో, పలకలు వస్తే లోకానికి కలిగే మేలెంతో రెండూ లెక్క కట్టి చూపిస్తేనే ఆ బ్యాంకు అప్పు ఇస్తుంది. నష్టం విలువ తేల్చేది ఈ సర్వే.

"మందలున్న ఇండ్లన్నీ మీకే ఎరుక అని సర్పంచ్ చెప్పిన్రు. రెండు రోజులు నా వెంట తిరగాలె. రోజుకు ఐదొందలు ఇస్తం."

"అంటే మా గుట్టకు ధర కడుతరన్నట్టు."

"అట్లనే అనుకోండి."

చెన్నయ్యకు లోపల ఎక్కడో హుషారు పుట్టింది. ధర అన్న మాట వినిపించిన చోట తన అవసరం ఉంటుందని అతనికి తెలుసు.

సాయంత్రం గొర్రెలు దిగే వేళకు కబురు ఊరంతా పాకింది. దొడ్డి దగ్గర పదిమంది మూగారు. వెంకన్న గొంగడి భుజాన వేసుకుని ముందు నిలబడ్డాడు. నూట ఇరవై గొర్రెల మంద అతనిది.

"అన్నా, గుట్ట విలువ నెలకెంత అని రేపు ఆ పిల్ల అడిగితే ఏం చెప్పాలె? నువ్వు చెప్పు, గదే అంటం."

చెన్నయ్య తువ్వాల తీసి ముఖం తుడుచుకున్నాడు. తొందరపడలేదు. "అంగట్ల ముందు నోరు జారినోడే మునుగుతడు. ఆమె ఎంత అంటదో చూడు. మొదటి మాట ఉత్తదే, నువ్వు తక్కువల తక్కువ చెప్పు. పది, ఇరవై. గుట్టతోని మనకు గరజు, అక్కర ఉన్నట్టు కనబడొద్దు. వాళ్ళకు గుట్ట కావాలె కదా, వాళ్ళే మల్లొస్తరు, వాళ్ళే పెంచుతరు. అసలు ధర అప్పుడు మాట్లాడుకుందాం."

"మల్లొస్తరంటవా?"

"కొనేటోడు రాక ఏడికి పోతడు?"

అందరూ తలలూపారు. ముప్పై ఏళ్ళలో అతని అంచనా తప్పింది ఎవరూ చూడలేదు.

మంగళవారం పొద్దున తొలి ఇల్లు వెంకన్నదే. ప్రవళిక మొదట పశువుల లెక్క, మేత, నీళ్ళు అన్నీ అడిగింది. తర్వాత ట్యాబ్‌లో చూసి ఒక్కో మాట విడిచి విడిచి చదివింది. "దొంతులగుట్ట ఇప్పుడున్నట్టే మీ మేతకు ఉండాలంటే, మీ కుటుంబం నెలకు ఎంత చెల్లించడానికి సిద్ధంగా ఉంది?"

వెంకన్న చెన్నయ్య వైపు చూశాడు. చెన్నయ్య మెల్లగా రెప్ప వేశాడు.

"పది రూపాయలు," అన్నాడు వెంకన్న.

ఆమె పది నొక్కింది. పెంచమని అడగలేదు, ఆశ్చర్యపోలేదు. మర్యాదగా నవ్వి లేచింది. బేరమాడటం తెలియని పిల్ల అనుకున్నాడు చెన్నయ్య. ప్రశ్న మాత్రం ఒక్క క్షణం చెవిలో ముల్లులా గుచ్చుకుంది. గుట్ట తీసుకునేది వాళ్ళు, చెల్లించేది మనమా? కానీ పక్కింటి కుక్క మొరిగింది, ప్రవళిక చెప్పులు వేసుకుంది, అతను ముందు నడిచాడు.

పది. పదిహేను. పది. ఇరవై. మధ్యాహ్నానికి ఇరవై ఇళ్ళయ్యాయి. ఎవరూ గీత దాటలేదు. దాటనందుకు చెన్నయ్య మనసులోనే వాళ్ళ వీపు తట్టాడు.

బిక్షమ్మ ఇంటి దగ్గర ఆ వరస తెగింది. ఆమెకు డెబ్బై ఏళ్ళు. బోరు నీళ్ళ ఫ్లోరైడ్‌కు మోకాళ్ళు విల్లులా రెండు వైపులా వంగిపోయి, పక్కలకు ఊగుతూ నడుస్తుంది. అయినా ముప్పై గొర్రెల వెనక రోజూ గుట్ట ఎక్కుతుంది. గుమ్మంలో కూర్చుని గొర్రెపిల్లకు సీసాతో పాలు పడుతూ ప్రశ్న వింది.

"మల్లొక్కసారి సదువు బిడ్డా."

ప్రవళిక మళ్ళీ చదివింది.

"నా గుట్టకు నేను పుల్లరి కట్టాల్నా? దొరల కాలంల మా అత్త కట్టిందట, గొర్రెకింత అని. మల్లొచ్చిందా ఆ పన్ను?"

"పన్ను కాదవ్వా. ఊరికె అడుగుతున్నం. ఎంత విలువిస్తరో తెలుసుకోనీకి."

"ఊరికె అడిగితే ఊరికె చెప్త. ఒక్క పైస కట్ట. నాది నేనెందుకు కొనుక్కుంట?"

చెన్నయ్యకు చర్రున కోపం వచ్చింది. "పెద్దమ్మా, జర సమజ్ చేసుకో. ఊరంత ఒక్క తీరుగ చెప్తాంటే నువ్వొక్కదానివి బేరం చెడగొడుతున్నవ్. పది అను, అయిపోతది."

"నువ్వు బేరగానివిరా చెన్నా, బేరం చేసుకో. నేను అమ్మెతందుకు కూసున్ననా, కొనెతందుకు కూసున్ననా?" గొర్రెపిల్ల నోట్లోంచి సీసా లాగేసింది. "నీ తువ్వాల నా మీద కప్పకు."

ప్రవళిక తల వంచుకుని ఏదో నొక్కింది. బయటికి వచ్చాక చెన్నయ్య ఆమెతో, "ముసలిది, మనసుల పెట్టుకోకు బిడ్డా" అన్నాడు. బిక్షమ్మను చూసి ఇంకో పదిళ్ళవాళ్ళు అదే పాట పాడారు. పైసా కూడా కట్టం అన్నారు. ఆ రోజంతా అతను వాళ్ళను తిట్టుకుంటూనే తిరిగాడు.

బుధవారం సర్వే ముగిసేసరికి హైదరాబాద్ నుంచి పొట్టేళ్ళ వ్యాపారి వచ్చి దొడ్డి దగ్గర కూర్చున్నాడు. ప్రవళిక కూడా చూస్తానని ఆగింది. వ్యాపారి వరసగా పొట్టేళ్ళ నడుము మీద అరచేయి అదిమాడు, వెన్నుపూస తగులుతుందేమోనని. తర్వాత నోళ్ళు తెరిచాడు. పళ్ళు తెల్లగా, కుదురుగా ఉన్నాయి.

"గుట్ట మీది మాలే?"

"చూస్తలేవా? బండ గుంటల్ల వాన నీళ్ళు తాగిన నోరు. కింద బోరు నీళ్ళు తాగిన పొట్టేలయితే గీ ఈడుకు పండ్లు గోధుమరంగు తిరిగి అరిగిపోతయి. మేత నమలదు, కండ పట్టదు."

చెన్నయ్య తువ్వాలను ఇద్దరి చేతుల మీద కప్పాడు. దాని కింద వేళ్ళు కదిలాయి. ఎవరూ మాట్లాడలేదు. వ్యాపారి మొహం మీద ఈగ వాలినా తోలుకోలేదు. ఒకసారి చెయ్యి లాగేసుకుని రెండడుగులు పోయాడు. మళ్ళీ వచ్చి చెయ్యి దూర్చాడు. చివరికి ఇద్దరూ నవ్వారు. మూడు పొట్టేళ్ళు ఆటో ఎక్కాయి.

"ఎంతకు కాకా?" అంది ప్రవళిక. రెండు రోజుల తిరుగుడులో ఆమెకు అతను కాక అయ్యాడు.

"పన్నెండు వేల లెక్కన. కింది ఊర్ల మాల్ పదకొండు పలకదు. పండ్లకే వెయ్యి ఎక్కువ."

"మరి గట్టిగ చెప్పుకోవచ్చు కదా, తువ్వాల ఎందుకు?"

"నలుగురిల పలికింది ధర కాదు బిడ్డా. అసలు ధర వేళ్ళల్ల ఉంటది. చెయ్యి గుంజుకున్నడంటే ఇయ్యడని అర్థం. నోటితోని ఎన్నైనా అంటం."

ఆమె నవ్వడం మధ్యలో ఆపేసి చేతిలోని ట్యాబ్ వైపు చూసింది. సంచిలోంచి ఒక కాగితం తీసింది. "కాకా, స్థానిక సాక్షిగ ఇక్కడ సంతకం. జవాబులన్నీ వాళ్ళు సొంతంగ, ఎవరి ఒత్తిడి లేకుండ చెప్పినరని."

చెన్నయ్య వంకర లేకుండా సంతకం చేశాడు. వెయ్యి రూపాయలు తీసుకుని లోపలికి వెళ్ళి భార్య నర్సింగమ్మ చేతిలో పెట్టాడు.

"గుట్టకు ఎంతొస్తదట?" అంది ఆమె, గిన్నె తోముతూనే.

"ఇప్పుడే ఎక్కడిది? మొదటి మాటే అయింది."

శుక్రవారం పదింటికి పంచాయతీ ఆఫీసులో సభ పెట్టారు. సంస్థ పెద్దసారు రామచంద్రం హైదరాబాద్ నుంచి కారులో వచ్చాడు. తెల్ల గడ్డం, మెత్తని మాట. గోడ మీద వెలుతురు పడేలా మిషన్ పెట్టించాడు. కంపెనీ మనిషి ఒకడు, మండలం నుంచి ఒక అధికారి ముందు కుర్చీల్లో కూర్చున్నారు. మందలవాళ్ళు నేల మీద కూర్చున్నారు. ప్రవళిక గోడకు ఆనుకుని నిలబడింది.

రామచంద్రం సారు లోకం వేడెక్కడం గురించి చెప్పాడు. ఎండలు పెరిగితే ముందు నష్టపోయేది ఇలాంటి మెట్ట ఊళ్ళే అన్నాడు. అది ఎవరూ కాదనలేదు. ఈ ప్లాంటు వల్ల బొగ్గు కాలడం తగ్గి లోకానికి కలిగే మేలును రూపాయల్లోకి మారిస్తే ఇరవై ఐదేళ్ళకు ఇన్ని కోట్లని గోడ మీద చూపించాడు. కంపెనీ మనిషి చప్పట్లు కొట్టబోయి ఎవరూ కొట్టకపోవడంతో చేతులు దించుకున్నాడు.

"ఇప్పుడు ఊరికి జరిగే నష్టం," అన్నాడు సారు. "మీ జవాబుల నుంచే తీసుకున్నం. కుటుంబానికి నెలకు సగటున పద్నాలుగు రూపాయలు. అరవై మూడు కుటుంబాలకు ఏడాదికి పదివేల ఐదు వందల ఎనభై నాలుగు. ఇరవై ఐదేళ్ళది ఈ రోజు విలువలోకి తెస్తే సుమారు ఎనభై మూడు వేలు. అంటే పరిహారం ఇచ్చినా ప్రాజెక్టుకు భారం కాదు. మంచి వార్తే."

ఎనభై మూడు వేలు. చెన్నయ్య బుర్ర అలవాటు కొద్దీ దాన్ని మాల్‌లోకి మార్చేసింది. పన్నెండు వేలతో భాగిస్తే "ఏడు పొట్టేళ్ళు" అని పైకే అనేశాడు. నిన్నగాక మొన్న మూడు ఆటో ఎక్కించాడు. ఇంకో నాలుగు ఎక్కిస్తే దొంతులగుట్ట అయిపోయింది.

అతను లేచాడు. "సారూ, అది మొదటి మాట. మల్లొచ్చి అడగాలె కదా?"

"మళ్ళీ ఎందుకు? జవాబు ఒకసారే తీసుకుంటం."

"బేరం చెయ్యరా?"

"ఇది బేరం కాదు చెన్నయ్యగారూ. శాస్త్రం." సారు మాటలో వెటకారం లేదు. అదే ఇంకా మండించింది.

చెన్నయ్య చేతులు తువ్వాలను పిండడం మొదలుపెట్టాయి. ఊరు ఏడాదికి ఆరు వందల పొట్టేళ్ళు అమ్ముతుంది. పళ్ళకు వెయ్యి చొప్పున ఆరు లక్షలు. ఒక్క ఏడాదికి, ఒక్క నీళ్ళకే. గడ్డి ఇంకా కలపలేదు. రేగాకు కలపలేదు. ఎండాకాలం తుమ్మకాయ కలపలేదు. ఇవన్నీ అతనికి సోమవారమే తెలుసు, ముప్పై ఏళ్ళుగా తెలుసు. తెలిసే పది చెప్పమన్నాడు.

"ఈ రోజు విలువలకు తెచ్చుడంటే వడ్డీ తీసుడే కదా సారూ? వడ్డీ ఎంత ఎక్కువ తీస్తే ధర అంత తరుగుతది. మా గడ్డికి ఎంత వడ్డీ పట్టిన్రు?"

రామచంద్రం సారు కాగితాలు తిప్పాడు. జవాబు గోడ దగ్గర్నుంచి వచ్చింది. "పన్నెండు శాతం," అంది ప్రవళిక.

"ఆ కోట్ల మేలుకో?"

ఆమె సారు వైపు చూడకుండా చెప్పింది. "మూడు."

"రెండూ గవే ఇరవై ఐదేండ్లేనా?"

"అవే కాకా."

"అంటే మీ సరుకు తూచెతందుకు ఒక రాయి, మా సరుకు తూచెతందుకు ఇంకో రాయి." చెన్నయ్య గొంతు పెరిగింది. "అంగట్ల నేను గిట్ల తూస్తే చెప్పుతోని కొడుతరు సారూ. మీకు కుర్చీ ఏసి చాయ్ ఇచ్చినం."

మండల అధికారి "మర్యాద, మర్యాద" అన్నాడు. రామచంద్రం సారు ఓపికగా, లోకం మేలుకు వేరే రేటు వాడటం అంతటా ఉన్నదేనని వివరించబోయాడు.

వెనక నుంచి బిక్షమ్మ గొంతు వినిపించింది. ఆమె వంగిన కాళ్ళ మీద గోడ పట్టుకుని లేస్తోంది. "నేను పైస కట్టనంటిని. మా పదకొండు ఇండ్లోళ్ళ మాట ఏమైంది?"

ప్రవళికే ముందుకు వచ్చి చెప్పింది. "అవ్వా, కట్టనన్నవాళ్ళను లెక్కలకెళ్ళి తీసేస్తరు. ప్రశ్ననే ఒప్పుకోలేదని రాసి పక్కన పెడతరు. మిగిలిన యాభై రెండు ఇండ్ల సగటునే మీక్కూడ వేసిన్రు."

బిక్షమ్మ పెద్దగా నవ్వింది. పళ్ళు గోధుమరంగువి, సగం అరిగినవి. "నిజం చెప్పినోళ్ళను తీసేసి, చెన్నడు చెప్పినట్టు చెప్పినోళ్ళను ఉంచుకున్నరు."

చెన్నయ్య అక్కడే నిలబడిపోయాడు. ఈ వారంలో అతను పోగుచేసుకున్న కోపమంతా సారు మీదికి, కంపెనీ మీదికి ఉరకబోయి మధ్యలో ఆగి వెనక్కి తిరిగింది. కొనేటోడి ప్రశ్న అమ్మేటోడికి వేశారు. ఆ సంగతి మంగళవారం పొద్దున్నే ముల్లులా గుచ్చుకుంది. తన తెలివి మీద నమ్మకంతో తీసి చూసుకోలేదు. ముసలామెకు తువ్వాల లేదు, అందుకే కనబడింది.

"సారూ, నా సంతకం ఉన్న కాగితం ఒకసారి ఇయ్యండ్రి."

"ఎందుకు?"

"సాక్షిని నేనే కదా. చూసుకుంట."

ప్రవళిక సారు అనుమతి కోసం ఆగలేదు. ఫైల్లోంచి కాగితం తీసి ఇచ్చి, తన పెన్ను కూడా ఇచ్చింది. చెన్నయ్య బల్ల మీద వంగి తన సంతకం కింద నిదానంగా రాశాడు. రాస్తూనే పైకి చదివాడు. "ఈ ధరలు వాళ్ళవి కావు. పది, ఇరవై చెప్పుమని ముందురోజు నేను నేర్పిన. నేను పక్కన నిలబడి సైగ చేసిన."

రామచంద్రం సారు మొహం మొదటిసారి మారింది. "మీరేం రాస్తున్నరో తెలుసా? నేర్పిన జవాబులంటే ఈ లెక్కంత చెల్లదు. బ్యాంకు ముందల పెట్టలేం."

"గదే కావాలె సారూ."

"మీ పేరే పోతది."

"పోయింది సారూ. ఇంతకుముందే."

పేరు పోవడం అప్పుడే, అక్కడే మొదలైంది. వెంకన్న లేచి అతని చొక్కా కాలర్ పట్టుకున్నాడు. "నీ మాట మీద పది అన్న. మల్లొస్తరన్నవు. పెంచుతరన్నవు. నా నూట ఇరవై గొర్రెల నోటికాడిది ఏడు పొట్టేళ్ళకు అమ్మినవా?" చెన్నయ్య చెయ్యి అడ్డం పెట్టలేదు. ఇద్దరు ముగ్గురు వచ్చి విడదీశారు. విడదీసినవాళ్ళు కూడా అతని మొహం చూడలేదు.

కారు వెళ్ళిపోయింది. సాక్షి కాగితం ప్రవళిక ఫైల్లోనే ఉంది.

శనివారం చెన్నయ్య ఎప్పట్లాగే తెల్లవారకముందే పొట్టేళ్ళను తోలుకుని అంగడికి పోయాడు. కబురు అతనికంటే ముందే చేరింది. పొరుగూరి దళారి ఒకడు దూరం నుంచే అరిచాడు. "ఏం చెన్నయ్యా, గుట్టలేమన్న ఉన్నయా? ఏడు పొట్టేళ్ళకు ఒక గుట్టయితే నాకు రెండు తోలు!" నవ్వులు లేచాయి. ఎండ ఎక్కే దాకా నిలబడ్డా తువ్వాల కింద ఎవరూ చెయ్యి పెట్టలేదు. పొట్టేళ్ళు నాలుకలు చాపాయి. పదకొండునూ వెనక్కి తోలుకొచ్చాడు.

నర్సింగమ్మ నీళ్ళ చెంబు ఇచ్చింది. "ఒక్కటి కూడ పోలేదా?"

"లేదు."

"ఆ వెయ్యి?"

"ఆ పిల్లకు తిరిగి పంపిన."

ఆమె పొట్టేళ్ళ ముందు నీళ్ళ తొట్టి జరిపింది.

ఆదివారం పొద్దున ఫోన్ మోగింది. ప్రవళిక. "కాకా, మీ కాగితం శుక్రవారమే బ్యాంకుకు పంపిన. బ్యాంకోళ్ళు మల్ల సర్వే చెయ్యమన్నరు. వానకాలం అయినంకనే. సారుకు మస్తు కోపం ఉంది. నన్ను ఉంచుతడో తీస్తడో తెల్వదు. కానీ ప్రశ్న మారుస్తరట. గుట్ట వదులుకోవాలంటే ఎంత తీసుకుంటరని అడుగుతరు. ఏ ధరకూ ఇవ్వం అని ఒక గడి పెట్టమని నేను రాసిచ్చిన. అది నొక్కినోళ్ళను లెక్కల నుంచి తీసెయ్యొద్దని కూడ."

"ఒప్పుకుంటరా?"

"చెప్పలేను కాకా."

"ఆగుతదా మరి ప్లాంటు?"

"అదీ చెప్పలేను. వానకాలం అయ్యేదాకైతే గుట్ట మీదికి ఎవరూ రారు."

ఫోన్ పెట్టేసేసరికి దొడ్డి బయట బిక్షమ్మ నిలబడి ఉంది. ఆమె మంద ముందుగానే గుట్ట దారి పట్టింది, ఆమె మాత్రం ఆగింది. కర్రను గోడకు ఆనించింది.

"ఏందిరా, అంగట్ల అందరు నవ్విన్రట?"

"నవ్విన్రు పెద్దమ్మా."

"నవ్వనీ. తువ్వాల తియ్యి."

"ఏం అమ్ముతవ్?"

"ముందు తియ్యి."

చెన్నయ్య తువ్వాల పరిచాడు. దాని కింద ఆమె ముడతల చెయ్యి వచ్చి అతని చేతిలో పడింది. ఎముకలు, వేడి. "అడుగు," అంది ఆమె. "గుట్టకు ఎంత?"

అతను ఆమె నాలుగు వేళ్ళూ కలిపి నొక్కాడు. చెయ్యి కదలలేదు. ఐదూ నొక్కాడు. అప్పుడు ఆ చెయ్యి అతని పిడికిట్లోంచి మెల్లగా, తడబాటు లేకుండా బయటికి జారిపోయింది.

"సమజైందా?"

"అయింది."

"మంగళవారం కావాల్సిండె." ఆమె కర్ర అందుకుని గుట్ట వైపు నడిచింది, విల్లులా వంగిన కాళ్ళతో, ప్రతి అడుగునూ నేల మీద గట్టిగా పెడుతూ.

చెన్నయ్య తువ్వాల మడిచి భుజాన వేసుకున్నాడు. వారం కిందట చేతిలో ఉన్నవాటిలో మూడు పొట్టేళ్ళు అమ్ముడుపోయాయి. పదకొండు మిగిలాయి, వచ్చే అంగడికి కొనేవాడు దొరుకుతాడన్న నమ్మకం లేదు. మాట పోయింది, అది తిరిగి వస్తుందో రాదో తెలియదు. వచ్చింది ఒక్కటే. ఒక వానకాలం గడ్డి.

అతను దొడ్డి తలుపు తీసి పదకొండింటినీ గుట్ట మీదికి తోలాడు.